కీటకాల హార్మోన్లు – 4వ పాఠం: దారం ముడిని చదవడం

కిందటి పాఠం కుబుసం విడవడం దగ్గర ఆపాం. అప్పుడే కుబుసం విడిచిన బొద్దింకను చూశారా? ఒళ్లంతా పాలలా తెల్లగా, కళ్లు మాత్రం నల్లగా, నొక్కితే నలిగిపోయేంత మెత్తగా ఉంటుంది. కొన్ని గంటల్లో గోధుమరంగుకు తిరిగి, పెంకు గట్టిపడుతుంది. గాలికి ఆరి గట్టిపడిందని చాలామంది అనుకుంటారు. నిజానికి లోపలి నుంచి కబురు అందితేనే ఆ పని మొదలవుతుంది. కబురు ఎటు నుంచి వచ్చిందో దారం ముడితో కనిపెట్టడమే ఈ పాఠం.

1962లో ఫ్రెంకెల్, సియావో అనే శాస్త్రవేత్తలు ప్యూపా (పురుగు ఈగగా మారే మధ్య దశ) నుంచి అప్పుడే బయటికొచ్చిన ఈగ మెడకు దారం బిగించారు. తల వెనకనున్న ఒళ్లు పాలిపోయి, మెత్తగానే ఉండిపోయింది. రంగు తిరుగుతున్న మరో ఈగ రక్తం కొంచెం ఎక్కిస్తే నల్లబడి గట్టిపడింది. ముడి ఆలస్యంగా వేస్తే మాత్రం ఏ తేడా లేదు. కబురు అప్పటికే దాటిపోయింది.

ఇక్కడ తొందరపడకండి. 'హార్మోను తలలోంచి వస్తోంది' అని రాస్తే తప్పు. నేనూ మొదట అలాగే రాశాను. ఈగలో ఈ హార్మోను రక్తంలోకి విడుదలయ్యేది ఛాతీలోని నాడీముడి (నాడీకణాల గుంపు) నుంచి. తల నుంచి వెళ్లేది నాడి ద్వారా అందే ఆజ్ఞ మాత్రమే. దారం ఆపింది ఆ ఆజ్ఞని. అంటే దారం ముడి చెప్పేది ఒక్కటే: ఇక్కడ దాటవలసినదేదో దాటలేదు. అది రక్తంలో పోయేదా, నాడిలో పోయేదా అన్నది వేరే పరీక్షతో తేల్చుకోవాలి.

ఆ హార్మోను పేరు బర్సికాన్. తోలు పదును చేయడాన్ని సూచించే గ్రీకు మాట నుంచి పెట్టారు. రెండు ప్రొటీన్లు జతకడితేనే అది పెంకును గట్టిపరుస్తుంది. దాని ప్రభావంతో టైరోసిన్ అనే అమైనో ఆమ్లం నుంచి డోపమైన్, ఆ డోపమైన్ నుంచి మరికొన్ని పదార్థాలు తయారవుతాయి. పెంకులో లాకేజ్ అనే ఎంజైము వాటిని క్వినోన్లు అనే, ప్రొటీన్లకు ఇట్టే అతుక్కునే పదార్థాలుగా మారుస్తుంది. అవి ప్రొటీన్ పోగులను ఒకదానితో ఒకటి బిగించేస్తాయి. గట్టిదనం ఆ బిగింపు వల్లే.

మట్టిలోంచి తవ్వుకుంటూ వచ్చే ఈగ బయటపడేదాకా బర్సికాన్‌ను ఆపుకుంటుంది. ముందే గట్టిపడితే సందుల్లోంచి జారలేదు, రెక్కలు విప్పుకోలేదు. నాకు ఈ అంశం మొత్తంలో ఎంతో ఇష్టమైన సంగతి ఇదే.

అభ్యాసం: 1935లో ఫ్రెంకెల్ ఈగ పురుగు నడుముకు ముడి వేస్తే, ముందు భాగం ప్యూపా పెంకుగా గట్టిపడింది, వెనక భాగం మెత్తగా మిగిలింది. అక్కడ పనిచేసింది కుబుసం విడిపించే హార్మోను ఎక్డైసోన్. అది రక్తంలో ప్రయాణించిందని నిరూపించడానికి మీరు ఏ పరీక్ష చేస్తారు? దేనితో పోల్చి చూస్తారు? రెండు వాక్యాల్లో రాసి ఉంచుకోండి. 5వ పాఠం మీ జవాబుతోనే మొదలవుతుంది.