ఇంగ్లిష్ పల్లెలో హత్య: చివరి అధ్యాయం కంటే ముందే హంతకుణ్ణి పట్టుకోవడం ఎలా?

ఇంగ్లిష్ పల్లెలో హత్య జరిగే డిటెక్టివ్ నవలలు ఐదారుగురు కలిసి చదివితేనే మజా. డిటెక్టివ్‌కు దొరికిన ప్రతి ఆధారం పాఠకుడికీ చూపించాలన్నది ఇంగ్లిష్ డిటెక్టివ్ కథల రచయిత రోనాల్డ్ నాక్స్ 1929లో పెట్టిన పది నియమాల్లో ఒకటి. మంచి రచయితలు దాన్ని పాటిస్తారు కాబట్టి గెలిచే అవకాశం మనకూ ఉంది.

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకం కొంటే చివరి పేజీలు ఉన్నాయో లేదో చూడాల్సిందే. కానీ మీరు చూడకండి. ఆ నవల ఇదివరకే చదివినవాళ్లను వెంట తీసుకెళ్లండి. పాత ఓనరు హంతకుడి పేరు కింద పెన్సిల్ గీత పెట్టి ఉంటే చెరిపేసేది, చివరి రెండు అధ్యాయాలకు రబ్బరు బ్యాండు వేసేది వాళ్లే. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో ఎడిషన్ ఉంటుంది కాబట్టి వారానికి ఎంత చదవాలో పేజీల్లో కాదు, అధ్యాయాల్లో చెప్పుకోండి. మధ్యలో పాత్రల పేర్లు గూగుల్ చేశారో, ఆట అయిపోయినట్టే.

ఒక నోట్‌బుక్‌లో నాలుగు గడులు గీయండి: టైము, చోటు, చెప్పిందెవరు, చూశారా విన్నారా. నాలుగోదే ప్రాణం. ఎనిమిదింబావుకు తుపాకీ మోత విన్నామంటే మోత వినిపించిందనే అర్థం. హత్య అప్పుడే జరిగిందని కాదు.

హైదరాబాద్ పాఠకులు ఎక్కువగా తడబడేది వెలుగు దగ్గర, వీలునామా దగ్గర. జూన్‌లో మనకు ఏడు దాటగానే చీకటి పడుతుంది. ఇంగ్లండ్‌లో తొమ్మిదైనా వెలుగుంటుంది, డిసెంబరులోనేమో నాలుగింటికే దీపాలు పెట్టేస్తారు. తొమ్మిదింటికి తోటలో ఫలానా మనిషి ముఖం చూశానని ఎవరైనా అంటే, ముందు నెల చూడండి.

వీలునామా ఇంకా తిరకాసు. 1837 నాటి ఇంగ్లిష్ చట్టం ప్రకారం, పెళ్లి చేసుకుంటే అంతకుముందు రాసిన వీలునామా సాధారణంగా రద్దయిపోతుంది. మన దగ్గర హిందువుల వీలునామాలకు ఆ రూలు లేదు. అందుకే ముసలాయన గుట్టుగా పెళ్లి చేసుకున్నాడన్న వాక్యాన్ని ఊరి పుకారనుకుని దాటేస్తాం. అక్కడ ఆగండి. ఆస్తి రావాల్సిన మేనల్లుడికి ఆ పెళ్లి సంగతి తెలుసా? తెలియకపోతే అతని మీద అనుమానం అలాగే ఉంటుంది. తెలిస్తే, కొత్త వీలునామాలో తన పేరు లేనంతవరకు మామను చంపి అతనికి ఒరిగేదేమీ లేదు. పెళ్లి ఇంకా కాలేదంటే మాత్రం అతనికి ఆ ముహూర్తమే గడువు.

కరోనర్ (అనుమానాస్పద మరణాలపై విచారణ జరిపే అధికారి) విచారణలో జ్యూరీ ఫలానావాళ్లే హంతకులని పేరు చెప్పేస్తే కంగారుపడకండి. 1977 దాకా వాళ్లకు ఆ అధికారం ఉండేది. అసలు కేసు తర్వాత కోర్టులో నడవాలి.

రబ్బరు బ్యాండు తీసే ముందు అందరూ చీటీలు రాయాలి: ఎవరు, ఎలా, ఎందుకు, ఏ అధ్యాయంలోని ఏ ఆధారంతో. పేరొక్కటే రాసిన చీటీ లెక్కలోకి రాదు.