తీరంలో రిసార్టు: డ్రాయింగ్ మొదలుపెట్టే ముందు వేయాల్సిన గీతలు

తీరంలో కట్టే రిసార్టుల ప్లాను చాలాసార్లు మొదటి డ్రాయింగ్ దగ్గరే చెడిపోతుంది. ముందు గదుల సంఖ్య ఖాయం చేసుకుని, వాటిని నీళ్లకు ఎంత దగ్గరగా పెట్టొచ్చో చూస్తారు. దారులు, పైపులు, చెట్లు మిగిలిన సందుల్లో ఇరుక్కుంటాయి. ఈ వరస తిరగేయండి. ఖాళీ సర్వే షీటు మీద ముందుగా సముద్రానికి వదలాల్సిన జాగా, ఆ తర్వాత జనం నడిచే దారి, ఆపైన ముట్టుకోకూడని చోట్లు గుర్తించండి. మిగిలిన నేలలో ఎన్ని గదులు పడితే అన్నే గదులు.

ఎంత వదలాలో చెప్పడానికి ఒక్క సర్వే చాలదు. తుపాను కెరటాలు ఇసుకను సముద్రంలోకి లాగేస్తాయి, నెమ్మదైన నెలల్లో చిన్న అలలు దాన్ని మళ్లీ ఒడ్డుకు చేరుస్తాయి. అందుకని కనీసం ఏడాదిపాటు, నెలకోసారి, అవే గుర్తుల దగ్గర తీరం వాలు కొలవాలి. పాత ఉపగ్రహ చిత్రాలతో 30, 40 ఏళ్ల కదలిక చూడాలి.

లెక్క ఇలా ఉంటుంది. ఒడ్డు ఏటా సగటున 0.5 మీటర్లు కోసుకుపోతోందనుకుందాం. భవనం 60 ఏళ్లు నిలవాలంటే 30 మీటర్లు. పెద్ద తుపాను ఒక్క రాత్రిలో తినేసేదానికి 15 మీటర్లు. సముద్రమట్టం 2100 నాటికి 0.28 నుంచి 1.01 మీటర్ల వరకు పెరగవచ్చని ఐపీసీసీ (వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి సంఘం) 2021 అంచనా. ఇసుక తీరంలో మట్టం ఎంత పెరిగితే దానికి 50 నుంచి 100 రెట్లు ఒడ్డు వెనక్కి జరుగుతుందన్నది ముతక లెక్క. పాత కోతలో ఇప్పటివరకు పెరిగిన మట్టం ప్రభావం ఎలాగూ కలిసే ఉంది కాబట్టి, అదనంగా పెరిగేదాన్నే వేయాలి: 0.3 మీటర్లనుకుంటే 15 నుంచి 30 మీటర్లు. మొత్తం 60 నుంచి 75 మీటర్లు. దీన్ని నీటి అంచు నుంచి కాకుండా, ఇసుక తిన్నె మీద మొక్కలు మొదలయ్యే గీత నుంచి కొలవాలి. మధ్యధరా దేశాల 2008 ఒప్పందం కనీసం 100 మీటర్లు వదలమంటుంది. స్థానిక చట్టం అడిగేది మీ లెక్క కన్నా ఎక్కువైతే చట్టాన్నే పాటించాలి. తక్కువైతే మాత్రం మీ లెక్కనే నమ్మండి.

జాగా తగ్గించి గోడ కట్టేద్దామన్న మాట ఎవరో ఒకరు తప్పక తెస్తారు. నిలువు గోడకు కొట్టిన అల వెనక్కి మళ్లి గోడ పాదం దగ్గరి ఇసుకను తవ్వుతుంది. ముందు బీచ్ పోతుంది, తర్వాత పునాది బయటపడుతుంది, గోడ చివర్ల దగ్గర పక్కవాళ్ల నేల కోసుకుపోతుంది. అతిథులు వచ్చేది ఆ బీచ్ కోసమే కదా!

జనం దారిని మొదటి ప్లాట్ అమ్మకముందే దస్తావేజులో హక్కుగా రాయించండి. యాజమాన్యం మారినా అది చెల్లాలి. అమెరికాలోని ఒరెగాన్ 1967లో పొడి ఇసుక మీద కూడా ప్రజల హక్కును చట్టంలో పెట్టింది. దారి ఉంటే చాలదు. రోడ్డు మీంచి కనిపించే బోర్డు, పార్కింగ్, మరుగుదొడ్డి లేకపోతే అది కాగితం మీది దారే. తిన్నెను నేరుగా కోసి దారి వేస్తే గాలి ఆ కోతలోంచి ఇసుకను తోడేస్తుంది. వంపు తిరిగిన చెక్క వంతెనను, కింద మొక్కలకు వెలుతురు అందేంత ఎత్తులో వేయండి. వెడల్పు 1.8 మీటర్లు ఉంటే రెండు చక్రాల కుర్చీలు ఎదురెదురుగా వెళ్లగలవు. ర్యాంపు వాలు 1:12 (12 మీటర్ల పొడవుకు 1 మీటరు ఎత్తు) మించకూడదు.

వాడుకునే నీళ్ల విషయంలో చాలామంది మోసపోతారు. తీరంలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్రమట్టం కన్నా 1 మీటరు ఎత్తున మంచినీరుంటే, కింద దాదాపు 40 మీటర్ల మందం ఉన్నట్టు. బోర్లతో పై మట్టాన్ని అర మీటరు దించితే, కింద ఉప్పు కాలక్రమంలో 20 మీటర్లు పైకొస్తుంది. చుట్టుపక్కల బావులు కూడా చెడతాయి. 150 గదులు, గదికి ఇద్దరు, మనిషికి 300 లీటర్లు అంటే రోజుకు 90,000 లీటర్లు. డీశాలినేషన్ (సముద్రపు నీటిలోంచి ఉప్పు తీసే ప్లాంటు) పెడితే తీసుకున్న నీటిలో 40 శాతం మంచినీరుగా వస్తుందనుకోండి, లీటరుకు 35 గ్రాముల ఉప్పుతో లోపలికెళ్లిన నీటిలో మిగిలింది లీటరుకు 58 గ్రాముల ఉప్పుతో బయటికొస్తుంది. దాన్ని పగడపు దిబ్బలు, సముద్రపు గడ్డి ఉన్నచోట వదలకూడదు. మురుగు శుద్ధి ప్లాంటును సగటుకు కాక, గదులన్నీ నిండిన వారానికి సరిపడా కట్టాలి. వాన నీటి పైపును బీచ్ మీదికి తెరవకండి, ఒక్క గట్టి వానకే ఇసుకలో వాగు పడుతుంది.

తాబేళ్లు గుడ్లుపెట్టే తీరమైతే దీపాల సంగతి గట్టిగా పట్టుకోవాలి. రాత్రి ఇసుకలోంచి బయటపడ్డ పిల్ల ఎటు వెలుతురుంటే అటు పాకుతుంది. వరండాలో ఒక్క తెల్ల బల్బు చాలు, సముద్రానికి వీపు పెట్టి రిసార్టు వైపు నడుస్తుంది. దీపాలు కిందికి ఉండాలి, బీచ్ వైపు కప్పు ఉండాలి, కాంతి తరంగదైర్ఘ్యం 560 నానోమీటర్లకు పైబడి, కాషాయం, ఎరుపు రంగుల్లో ఉండాలి.

సముద్రపు గాలికి తెరిచిన కాంక్రీటులో ఇనుప ఊచల మీద కవరు (ఊచను కప్పే కాంక్రీటు మందం) కనీసం 50 మిల్లీమీటర్లు ఉండాలి, బయటి బోల్టులు 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలువి కావాలి.

తిన్నె, చిత్తడి నేల, పాత కట్టడాల ఆనవాళ్లు ఉన్న చోట్ల చుట్టూ కంచె మొదటి లారీ రాకముందే పడాలి. తిన్నె మీద తీగల వేళ్లను ఒక్క పొక్లెయిన్ ఒక పూటలో చితక్కొట్టగలదు. తవ్వకంలో పెంకులో, పాత గోడో బయటపడితే పని ఆపి ఎవరికి కబురు చేయాలో కాంట్రాక్టులోనే రాయండి. ఆగిన రోజులకు కూలి ఎవరిస్తారో కూడా అక్కడే తేల్చండి, లేకపోతే దొరికింది మళ్లీ మట్టిలోకే పోతుంది.