కోళ్లు బురద చేయని నీళ్ల పళ్లెం

ఆనందపురం మండలంలోని మా పెరట్లో నాటుకోళ్లకు పళ్లెం నిండా నీళ్లు పెడితే, గంటలోపే మట్టి కెలికి బురద చేసేవి. ఇప్పుడు 2 లీటర్ల ఖాళీ కూల్‌డ్రింక్ సీసాకు అడుగు నుంచి 2 సెంటీమీటర్ల ఎత్తున కాల్చిన మేకుతో ఒక రంధ్రం చేసి, దానిని వేలితో మూసి నీళ్లు నింపి, మూత గట్టిగా బిగించి, 4 సెంటీమీటర్ల అంచున్న వెడల్పాటి పళ్లెంలో నిలబెట్టి, గుంజకు తాడుతో కడుతున్నాను. నీరు రంధ్రాన్ని ముంచగానే ధార ఆగిపోతుంది, కోళ్లు తాగినకొద్దీ మళ్లీ దిగుతుంది. చిన్న కోడిపిల్లలుంటే మునిగిపోకుండా పళ్లెంలో గులకరాళ్లు పరచాలి. మూత వదులైతే నీరంతా ఒక్కసారే కారిపోతుంది. సీసా ఎండకు వేడెక్కినా లోపలి గాలి వ్యాకోచించి నీటిని బయటకు నెడుతుంది కనుక, విశాఖ వేసవిలో దీనిని చెట్టు నీడనే ఉంచాలి.