పలావు మనమే వండాలి, గిన్నెలూ మనమే తోమాలి

మాది గుంటూరు. కొడైకెనాల్‌లో ఒక అంతర్జాతీయ క్రైస్తవ పాఠశాలలో ఫిజిక్స్ చెబుతాను. ఇక్కడ టీచర్లు ఎక్కడెక్కడి దేశాల నుంచో వస్తారు, మూడు నాలుగేళ్లకు వెళ్లిపోతారు. వంటవాళ్లు, ఆయాలు, తోటమాలులు, వాచ్‌మన్‌లు మాత్రం ఈ కొండ మీది వాళ్లే. ఏటా ఒకరోజు వాళ్లకు కృతజ్ఞత చెప్పుకునే ఏర్పాట్లు నా మీద పడ్డాయి. మొదటి ఏడాది శాలువాలు కప్పాం, పాటలు పాడాం, ఫొటోలు దిగాం. భోజనం చాలా బాగుంది. వండింది వాళ్లే మరి! ఆ సిగ్గుతో నేర్చుకున్నవే ఇవన్నీ.

ముందు పేర్లు. ఆఫీసులో అడిగితే పర్మినెంట్ వాళ్ల జాబితా ఇస్తారు. కాంట్రాక్టు మీద ఊడ్చేవాళ్లు, రాత్రి గేటు కాసేవాళ్లు అందులో ఉండరు. పొద్దున ఆరింటికోసారి, రాత్రి తొమ్మిదింటికోసారి ఆవరణంతా తిరిగి, కనిపించిన ప్రతి ఒక్కరినీ అడిగి రాసుకోండి. అలా అడుగుతుంటేనే గిన్నెలు తోమే అక్క "మీరు తెలుగోళ్లా?" అంది. వాళ్లది దిండిగల్ వైపు. తరాల కిందట అక్కడికి వెళ్లి స్థిరపడిన కుటుంబం, ఇంట్లో తెలుగే. నేనేమో నాలుగు నెలలుగా ఆవిడతో సైగలతో, వచ్చీరాని తమిళంతో నెట్టుకొస్తున్నాను.

రోజు, వేళ వాళ్లనే అడగండి. సాయంత్రం పెడితే పూంబారై వెళ్లేవాళ్లకు బస్సు తప్పిపోతుందని టెన్షన్. సెలవు రోజున అసలే పిలవొద్దు. మేం డ్యూటీ వేళలోనే, మధ్యాహ్నం రెండు గంటలు పెట్టాం. ఆ రెండు గంటలూ వాళ్ల పని టీచర్లది. గేటు దగ్గర ప్రిన్సిపాల్‌ను కూర్చోబెడితే, వచ్చినవాళ్లతో కబుర్లలో పడి రిజిస్టరులో సంతకాలు పెట్టించడం మరిచిపోయారు.

వంటకు ఎనభై మందికి ఎనిమిది కిలోల బియ్యం పోశాం. ఇది దాదాపు 2,100 మీటర్ల ఎత్తు. నీళ్లు 93 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి కాబట్టి మూత లేని గిన్నెలో పప్పు ఎంతకీ ఉడకదు. పెద్ద కుక్కర్లు ముందురోజే అరువు తెచ్చుకోండి. మాంసం తిననివాళ్లెవరో, హలాల్ కావాల్సినవాళ్లెవరో కూడా ముందే తెలుసుకోండి. వచ్చినవాళ్లలో చాలామంది ఇక్కడి మురుగన్ గుడికి, అదే కురింజి ఆండవర్ గుడికి వెళ్లేవాళ్లు. ఒక్క నిమిషం ప్రార్థన చాలు, ప్రసంగం వద్దు.

పిల్లల చేత ఉత్తరాలు రాయించండి. "మీ సేవలకు ధన్యవాదాలు" అని రాస్తే వెనక్కి ఇచ్చేయండి. "నాకు జ్వరం వచ్చిన రాత్రి మిరియాల రసం తెచ్చారు" అని రాసినదే ఉత్తరం. తమిళంలోకి మార్పించండి. చదువు రానివాళ్లకు ఆ పిల్లే పక్కన కూర్చుని చదివి వినిపించాలి.

కానుకంటే డబ్బే. పర్మినెంట్ అయినా కాంట్రాక్టయినా అందరికీ ఒకే మొత్తం, కవరులో పెట్టి. ఊరు వదిలి వెళ్లే టీచర్ల పాత స్వెటర్లను కానుకల బల్ల మీద పెట్టకండి. అడిగి ఇవ్వాలనుకుంటే ఇంకోరోజు ఇవ్వండి.

అంతా అయ్యాక గిన్నెలు టీచర్లే తోమాలి. మేం గంటన్నర తోమాం. మర్నాడు పొద్దున అక్క ఒక డేగిసా ఎత్తి, వేలితో లోపల రాసి చూసింది. "జిడ్డు పోలేదు టీచరమ్మా" అని మళ్లీ కుళాయి తిప్పింది.