అసహజ అమైనో ఆమ్లం ప్రొటీన్‌లో చేరనప్పుడు: సమస్య - పరిష్కారం

విశాఖపట్నంలో మేము ఈ.కోలి బ్యాక్టీరియా చేత పారా-అజిడోఫినైలలనైన్ (అజైడ్ గుంపు గల అసహజ అమైనో ఆమ్లం) ఉన్న ప్రొటీన్లను తయారు చేయించడం మొదలుపెట్టిన కొత్తలో, జెల్ మీద బ్యాండ్ కనబడని ప్రతిసారీ సింథటేజ్‌నే (అమైనో ఆమ్లాన్ని టీఆర్ఎన్ఏకు తగిలించే ఎంజైమునే) తప్పుపట్టేవాళ్లం. తీరా చూస్తే లోపం చాలాసార్లు మరెక్కడో ఉండేది. కాబట్టి అమైనో ఆమ్లం కలిపిన ఫ్లాస్కును, కలపని ఫ్లాస్కును పక్కపక్కన పెంచి చూడకుండా ఏ నిర్ణయానికీ రాకూడదు.

సమస్య: పూర్తి ప్రొటీన్‌కు బదులు పొట్టి ముక్క వస్తోంది.

అసహజ ఆమ్లం చేరవలసిన చోట జన్యువులో యూఏజీ అనే స్టాప్ కోడాన్ (గొలుసును ఆపమనే సంకేతం) పెడతాం. అక్కడికి ఆ ఆమ్లాన్ని మోసుకొచ్చే మన సప్రెసర్ టీఆర్ఎన్ఏ చేరేలోపే, కణంలోని రిలీజ్ ఫ్యాక్టర్ 1 అనే ప్రొటీన్ వచ్చి గొలుసును ముగించేస్తుంది. కణాలకు అమైనో ఆమ్లం చాలినంత అందకపోతే ఈ పోటీలో గెలుపు రిలీజ్ ఫ్యాక్టర్‌దే. తటస్థ ద్రవంలో ఈ ఆమ్లం సరిగా కరగదు కనుక, పలుచని సోడియం హైడ్రాక్సైడ్‌లో కరిగించి, మీడియంలో 1 మిల్లీమోలార్ ఉండేలా ఇండక్షన్‌కు (ప్రొటీన్ తయారీని మొదలుపెట్టించడానికి) ముందే కలపాలి. మన సముద్రపు గాలికి, ఫ్రీజర్ నుంచి తీసిన సీసాను వెంటనే తెరిస్తే పొడి చెమ్మగిల్లుతుంది. గది ఉష్ణోగ్రతకు వచ్చాకే మూత తీయాలి. సింథటేజ్, టీఆర్ఎన్ఏ జన్యువులున్న పీఈవోల్ ప్లాస్మిడ్ వాడేవారు, ఆ సింథటేజ్ తయారీని పెంచే అరాబినోజ్ చక్కెరను మరవకూడదు. అప్పటికీ ఫలితం లేకపోతే కోడాన్ స్థానాన్ని మార్చి చూడాలి. ఈ పోటీయే లేని ఈ.కోలి రకం కూడా ఉంది: 2013లో వెలువడిన ‘సీ321.డెల్టా-ఏ’ (C321.ΔA)లో 321 యూఏజీలను యూఏజీలాగే స్టాప్ కోడాన్లైన యూఏఏలుగా మార్చి, రిలీజ్ ఫ్యాక్టర్ 1ను తొలగించారు. అయితే ఆ మూల రకంలో టీ7 ప్రమోటర్‌ను చదివే టీ7 పాలిమరేజ్ ఎంజైము లేదు కాబట్టి, టీ7 ప్రమోటర్ ఉన్న జన్యువును అందులో పెట్టి వారాలు వృథా చేసుకోవద్దు.

సమస్య: అమైనో ఆమ్లం కలపకపోయినా పూర్తి ప్రొటీన్ వస్తోంది.

మెథనోకాల్డోకాకస్ జన్నాషి టైరోసిన్ సింథటేజ్ నుంచి మలచిన ఎంజైము, కావలసినది దొరకనప్పుడు టైరోసిన్ వంటి సహజ ఆమ్లాన్నే టీఆర్ఎన్ఏకు తగిలిస్తుంది. మినిమల్ మీడియం వాడితే ఈ బెడద తగ్గవచ్చు గానీ, తీర్పు చెప్పవలసినది అణువుల బరువును కొలిచే మాస్ స్పెక్ట్రోమెట్రీయే. టైరోసిన్ చేరినదానికంటే మన ప్రొటీన్ 25 డాల్టన్లు ఎక్కువ బరువుండాలి. మోసపోయే చోటు ఇక్కడే ఉంది: అజైడ్ క్షయకరణం చెంది అమైన్ అయితే బరువు 26 డాల్టన్లు తగ్గి, టైరోసిన్ ప్రొటీన్‌కు కేవలం 1 డాల్టన్ దూరంలో నిలుస్తుంది. పెద్ద ప్రొటీన్‌లో ఆ తేడా తెలియడం కష్టం; ట్రిప్సిన్ ఎంజైముతో ముక్కలు చేసి చూడాలి.

సమస్య: ప్రొటీన్ బాగానే ఉంది, క్లిక్ చర్య (అజైడ్‌కు మరో అణువును అతికించడం) మాత్రం జరగడం లేదు.

కారణం అదే క్షయకరణం, లేదా అజైడ్‌ను పాడుచేసే వెలుతురు. ఫ్లాస్కులకు రేకు చుట్టాలి. ఉదయపు ఎండ నేరుగా పడే, సముద్రం వైపు కిటికీ పక్క బల్ల ఎంత హాయిగా ఉన్నా ఈ పనికి పనికిరాదు. ఇండక్షన్ తరువాత కణాలను అనవసరంగా రాత్రంతా వదలకుండా సేకరించాలి, శుద్ధి చేసే బఫర్లలో అజైడ్‌ను క్షయకరించే డీటీటీ గానీ టీసీఈపీ గానీ వేయకూడదు.