బెంగళూరులో కొత్త కాపురం: పొయ్యి కొనే ముందు

బెంగళూరుకు కొత్తగా వచ్చినవాళ్లు ఇల్లు దొరికిన వారం తిరక్కుండానే వంటింటి సామాను కోసం బయల్దేరతారు. షాపులో మెరిసే గాజు పొయ్యి చూడగానే మనసు పడుతుంది. ఫోన్ తెరిస్తే ఇండక్షన్ స్టవ్ మీద పెద్ద డిస్కౌంట్ కనిపిస్తుంది. ఏ పొయ్యి మంచిదన్న ప్రశ్న కాస్త ఆగనివ్వండి. ముందు మీ వంటింట్లోకి ఏం వస్తోందో చూడండి: సిలిండరా, పైపా, కరెంటు ఒక్కటేనా? సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది. మిగతా సగం మీరు ఊరినుంచి తెచ్చుకున్న గిన్నెల చేతిలో ఉంది.

గోడకు గ్యాస్ పైపు, పక్కన చిన్న మీటరు కనిపిస్తే "పైప్డ్ గ్యాస్ ఉంది" అనుకుని చాలామంది అక్కడితో ఆపేస్తారు. ఇక్కడి అపార్ట్‌మెంట్లలో ఆ పైపులో రెండు రకాల గ్యాస్‌లో ఏదైనా ఉండొచ్చు. ఒకటి గెయిల్ గ్యాస్ సంస్థ భూమి కింది గొట్టాల్లో ఇచ్చే సహజవాయువు, అంటే పీఎన్‌జీ. రెండోది, ఆవరణలో ఒక మూల పెద్ద సిలిండర్లు వరసగా పెట్టి, అక్కడినుంచి ఫ్లాట్లకు పైపులు లాగే ఏర్పాటు. దాన్ని గ్యాస్ బ్యాంక్ అంటారు. అందులో వచ్చేది మామూలు ఎల్‌పీజీయే. ఇంటి బ్రోకర్‌కు ఈ రెండింటికీ తేడా తెలియకపోవచ్చు, తెలిసినా చెప్పకపోవచ్చు. అసోసియేషన్ ఆఫీసులోనో, పక్క ఫ్లాటువాళ్లనో అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

ఎందుకింత పట్టింపు అంటే, పొయ్యిలో జెట్ అని ఒక చిన్న ఇత్తడి ముక్క ఉంటుంది. గ్యాస్ దాని నడిమి రంధ్రంలోంచే బర్నర్‌లోకి వస్తుంది. ఒకే పరిమాణం గ్యాస్ తీసుకుంటే ఎల్‌పీజీలో పీఎన్‌జీ కంటే దాదాపు రెండున్నర రెట్లు వేడి ఉంటుంది. అందుకని ఎల్‌పీజీ జెట్ రంధ్రం సన్నగా, పీఎన్‌జీది పెద్దగా చేస్తారు. ఊరినుంచి తెచ్చిన సిలిండర్ పొయ్యిని పీఎన్‌జీ పైపుకు తగిలిస్తే మంట దీపంలా నీరసంగా వస్తుంది, కుక్కర్ విజిల్ వేయడానికి యుగం పడుతుంది. తిరగేసి, పీఎన్‌జీ జెట్లున్న పొయ్యికి సిలిండర్ తగిలిస్తే మాత్రం మంట పసుపు రంగులో ఎగసి గిన్నెల అడుగంతా మసి చేస్తుంది. అది ప్రమాదం కూడా. పీఎన్‌జీ కనెక్షన్ ఇచ్చేటప్పుడు టెక్నీషియన్ వచ్చి జెట్లు మారుస్తాడు. కొందరు కొత్త జెట్లు పెడతారు, కొందరు ఉన్నవాటికే రంధ్రం పెద్దది చేసేస్తారు. కొత్తవే పెట్టమని అడగండి. తీసిన పాత జెట్లు ఒక కవర్లో వేసి పొయ్యి బిల్లుతో పాటు దాచుకోండి. అద్దె ఇళ్లు మారే ఊరిది, వచ్చే ఇంట్లో సిలిండరే గతి కావచ్చు.

సిలిండర్ ఇల్లయితే కనెక్షన్ సంగతి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మీ పేరు మీద కనెక్షన్ ఉంటే, బయల్దేరే ముందే అక్కడి ఏజెన్సీలో సిలిండరు, రెగ్యులేటరు అప్పగించి, డిపాజిట్ వెనక్కి తీసుకుని, టర్మినేషన్ వోచర్ రాయించుకోండి. ఇక్కడ మీ ఏరియా ఏజెన్సీలో ఆ వోచరు, అద్దె ఒప్పందం, ఆధార్ చూపిస్తే కొత్త సిలిండర్ ఇస్తారు. పొయ్యి మీదే కాబట్టి మీతోనే వస్తుంది. కనెక్షన్ నాన్నగారి పేరు మీద ఉండి, అమ్మానాన్నలు ఊళ్లోనే ఉంటే దాన్ని కదిలించొద్దు, ఇక్కడ మీ పేరున కొత్తది తీసుకోండి. అద్దె ఒప్పందం ఇంకా చేతికి రాలేదా? ఐదు కిలోల చిన్న సిలిండర్ ఏదైనా గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు, చిరునామా రుజువు అక్కర్లేదు. కిలో లెక్కన ఖరీదు ఎక్కువే గాని మొదటి నెల గడిచిపోతుంది. మారతహళ్లి, బీటీఎం, మడివాళ లాంటి పీజీ హాస్టళ్ల పేటల్లో మాత్రం జాగ్రత్త: పెద్ద సిలిండర్లోంచి చిన్నదాంట్లోకి గ్యాస్ వంపి అమ్మేవాళ్లు తగిలితే, ఎంత చవకైనా ఆ వైపు వెళ్లకండి. అది చట్టవిరుద్ధం, పైగా పేలుడుతో ఆట.

సిలిండర్ ఇంటికి వచ్చినప్పుడు పై పట్టీ మీద రాసిన అక్షరం, అంకె చూడండి. 'ఏ' అంటే జనవరి నుంచి మార్చి, 'బి' అంటే ఏప్రిల్ నుంచి జూన్, అలా 'డి' దాకా. పక్క అంకె సంవత్సరం. 'బి 28' అని ఉంటే 2028 జూన్‌ లోపు ఆ సిలిండర్‌కు మళ్లీ పరీక్ష జరగాలని అర్థం. గడువు దాటినది ఇస్తే వెనక్కి పంపండి. ఖాళీ సిలిండర్ బరువు కూడా దాని మీదే ఉంటుంది. దానికి 14.2 కిలోలు కలిపితే వచ్చేదే నిండు బరువు. డెలివరీ అబ్బాయి దగ్గర తూకం కాటా ఉండాలి, తూచమని అడగడానికి మొహమాటం అక్కర్లేదు. ఈ ఊళ్లో తెలుగు వచ్చినవాళ్లు అడుగడుగునా ఉంటారు గనుక తెలుగులోనే అడిగి చూడండి, తరచు పని జరుగుతుంది.

ఇక ఇండక్షన్. పీజీలో, ఒంటి గదిలో గ్యాస్ పెట్టనివ్వరు కాబట్టి చాలామందికి ఇదే మొదటి పొయ్యి. మంట ఉండదు, అంచుల్లోంచి వేడి వృథా కాదు, నీళ్లు చకచకా మరుగుతాయి. అయితే ఇది గిన్నె అడుగును అయస్కాంత శక్తితో వేడెక్కించే యంత్రం. అయస్కాంతం అంటుకోని గిన్నె దీనికి కనిపించదు. మా వదిన కాకినాడ నుంచి వచ్చినప్పుడు ఫ్రిజ్ మీది అయస్కాంతం బొమ్మ తీసి, అట్టపెట్టెల్లోంచి తీసిన ప్రతి గిన్నె అడుక్కీ ఆనించి చూసింది. అల్యూమినియం కుక్కర్, ఇత్తడి గిన్నె, పప్పుచారు కాచే రాచ్చిప్ప ఒక్కటీ అంటుకోలేదు. పెళ్లిలో వచ్చిన బరువైన స్టీలు గిన్నెలు కూడా జారిపోయాయి. మంచి రకం స్టీలుకు చాలాసార్లు అయస్కాంతం అంటదు మరి. చివరికి నిలిచినవి అట్ల పెనం, రెండు కొత్త గిన్నెలు. ఆ పూటే ఆవిడ గ్యాస్ ఏజెన్సీకి బయల్దేరింది. మీరూ అలాగే చూడండి, పక్కలకు కాదు, అడుక్కే ఆనించాలి. కొత్తగా కొంటే అడుగున స్టీలు పలక అతికించిన ఇండక్షన్ బేస్ కుక్కర్లే తీసుకోండి. గుండ్రటి అడుగున్న మూకుడు మాత్రం ఇనపదే అయినా మామూలు ఇండక్షన్ మీద కుదరదు.

చవక ఇండక్షన్లలో ఇంకో గుణం ఉంది, షాపువాళ్లు చెప్పరు. సన్న సెగ పెట్టామనుకుంటాం. అది నిజంగా సెగ తగ్గించదు, కాసేపు పెద్ద సెగ ఇచ్చి, కాసేపు పూర్తిగా ఆపుతుంది. పాలు పెట్టి గమనించండి: టిక్‌మని శబ్దం, గలగలా పొంగు, మళ్లీ టిక్, నిశ్శబ్దం, పొంగు చల్లారిపోతుంది. పాలకోవా, పరమాన్నం అడుగంటేది అందుకే. అట్లకూ ఇదే కష్టం. లోపలి కాయిల్ చిన్నది, పెనం పెద్దది, అందుకని పెసరట్టు నడుమ మాడిపోతుంది, అంచు తెల్లగా ఉండిపోతుంది. ఖాళీ పెనం బాగా కాగేసరికి దానంతటది ఆగిపోవడం ఇంకో సరదా. అన్నం, పప్పు, టీ, గుడ్లు, నూడుల్స్ దాకా ఇండక్షన్‌కు తిరుగులేదు. పుల్కా పొంగించాలన్నా, వంకాయ కాల్చి పచ్చడి చేయాలన్నా మంట కావాల్సిందే.

ఇన్‌ఫ్రారెడ్ పొయ్యి అని ఇంకొకటి అమ్ముతారు, ఎర్రగా వెలుగుతుంది. అడుగు చదునుగా ఉంటే ఏ గిన్నె అయినా సరే. కానీ కాగడానికి టైం పడుతుంది, ఆపాక కూడా చాలాసేపు చెయ్యి కాలుతుంది, కరెంటు ఎక్కువ తింటుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో నేనైతే వద్దంటాను.

కరెంటు పొయ్యి ఏదైనా, ముందు ప్లగ్ చూడండి. 2000 వాట్ల పొయ్యి దాదాపు తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది, కాబట్టి పెద్ద 16 ఆంపియర్ల సాకెట్ కావాలి. చిన్న ప్లగ్గులో ఎక్స్‌టెన్షన్ బాక్స్ పెట్టి నడిపితే తీగ కాగి వాసన వస్తుంది. కరెంటు పోయినప్పుడు జనరేటర్ ఉందిగా అనుకోకండి. చాలా అపార్ట్‌మెంట్లలో ఆ బ్యాకప్ ఫ్యాన్లకు, లైట్లకు సరిపడా మాత్రమే ఇస్తారు. దాని మీద ఇండక్షన్ పెడితే ఫ్లాట్ మొత్తం ట్రిప్ అవుతుంది.

ఏది చవక అన్న లెక్క మీరే వేసుకోవచ్చు. 14.2 కిలోల సిలిండర్ గిన్నెకు అందించే వేడి ఇండక్షన్ మీద రావాలంటే సుమారు 140 యూనిట్లు కాలుతుంది. మీ యూనిట్ రేటును 140తో గుణించి సిలిండర్ ధర పక్కన పెట్టి చూడండి. ఇక్కడి కరెంటు సంస్థ బెస్కామ్ రేటు నేరుగా కడుతుంటే రెండూ పెద్ద తేడా ఉండవు. ఓనర్ సబ్ మీటర్ పెట్టి తనకు తోచిన రేటు వేస్తుంటే గ్యాసే నయం. ఇందులో గృహజ్యోతి, అంటే కర్ణాటక ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం, మెలిక కూడా ఉంది. 2023లో మొదలైన ఈ పథకం అద్దెకున్నవాళ్లకూ వర్తిస్తుంది. మీటరు పాత వాడకాన్ని బట్టి ఒక పరిమితి పెడతారు, అంతవరకు బిల్లు సున్నా. అది దాటితే పైన వాడిన యూనిట్లకు కడతారు, నెలకు 200 యూనిట్లు దాటితే మాత్రం మొత్తం బిల్లు మీదే. పూర్తి వంట ఇండక్షన్ మీద చేసే చిన్న కుటుంబానికి రోజుకు రెండు మూడు యూనిట్లు సులువుగా అవుతాయి. గీజర్ కూడా వాడే ఇంట్లో ఆ 200 గీత దగ్గర ఉన్నారో లేదో పాత బిల్లు తీసి చూసుకోండి.

గట్టులో పొదిగిన గాజు హాబ్ గురించి నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను: సొంతిల్లు అయితే మీ ఇష్టం, అద్దె ఇంటికి డబ్బు పెట్టి చేయించకండి. గ్రానైట్‌లో కోసిన కంత ఒక కంపెనీది ఇంకో కంపెనీకి సరిపోదు, ఇల్లు మారితే తీసుకెళ్లినా ఇరికించే చోటు దొరకదు. గంజి పొంగితే తుడవడం తేలికే గాని, కాగిన గాజు మీద చన్నీళ్లు పడితే పగిలే భయం ఉంటుంది. ఇంట్లో ముందే ఉంటే వాడుకోండి, కాకపోతే తాళాలు తీసుకున్న రోజే గాజు మీద గీతలు, పగుళ్లు ఫోటో తీసి ఓనర్‌కు వాట్సాప్ చేయండి. బెంగళూరు అడ్వాన్సులు పెద్దవి, హాబ్ గాజు ఖరీదు అందులోంచి పోతే తిరిగి రాదు. మంట ఆరిపోతే గ్యాస్ దానంతటదే ఆగే ఏర్పాటు ఉందో లేదో కూడా చూడండి. ఉంటే పెద్దవాళ్లున్న ఇంట్లో అది బంగారం.

అద్దె కాపురానికి నా ఓటు రెండు బర్నర్ల మామూలు స్టీలు గ్యాస్ పొయ్యికి, పక్కన ఒక ఇండక్షన్‌కు. ఐఎస్‌ఐ గుర్తు, ఇత్తడి బర్నర్లు ఉంటే చాలు. నాలుగు బర్నర్లు కొంటే రెండింటి మీద డబ్బాలు పెట్టుకుంటారు.

కొత్తలో ఇంకో అనుమానం వస్తుంది: మన ఊళ్లోకంటే ఇక్కడ కందిపప్పు ఉడకడం లేదేమిటి, పొయ్యిలో ఏమైనా లోపమా అని. ఈ ఊరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది, నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. గిన్నెలో వండితే టైం ఎక్కువ పడుతుంది, కుక్కర్లో పెట్టండి.

సిలిండర్ యుటిలిటీలో (వంటింటి పక్క చిన్న వసారాలో), పొయ్యి వంటింట్లో ఉండే ఫ్లాట్లలో రబ్బరు ట్యూబును గోడలోంచి లాగి ఉంటే ఒప్పుకోకండి, అక్కడ లోహపు పైపు ఉండాలి. ఆరెంజ్ సురక్ష ట్యూబు మీద సంవత్సరం అచ్చువేసి ఉంటుంది, ఐదేళ్లు దాటితే మార్చండి. ఎల్‌పీజీ గాలికంటే బరువు, లీకైతే నేల మీద పేరుకుంటుంది, పీఎన్‌జీ తేలిక కాబట్టి పైకి లేస్తుంది. వాసన వస్తే ఏ స్విచ్చీ ముట్టుకోకుండా తలుపులు, కిటికీలు తెరిచి, రెగ్యులేటర్ కట్టేసి, బయటికొచ్చి ఫోన్ చేయండి. ఎల్‌పీజీ లీకేజీకి నంబర్ 1906.