లోతు తక్కువ ప్యానెల్ గీతలను స్పష్టంగా చూపించడం

విమానం వంటి వాటి చిన్న ప్లాస్టిక్ నమూనాపై ప్యానెల్ గీతలు (రేకుల అతుకులను చూపే సన్నని గాడులు) మరీ పైపైన ఉంటే రంగు పూతలకే సగం పూడిపోతాయి కనుక, ప్రైమర్‌కు (రంగుకు ముందు వేసే తొలి పూతకు) ముందే స్క్రైబర్‌తో (గీతలు చెక్కే పదునైన పనిముట్టుతో), బలం పెట్టకుండా, ప్రతి గీతనూ రెండు మూడుసార్లు గీసి లోతు పెంచుకోవడం మేలు. రంగును పలుచని పొరలుగా వేసి, మెరుపునిచ్చే ఆక్రిలిక్ వార్నిష్ పూసి, కనీసం 24 గంటలు ఆరనివ్వాలి. నున్నని ఉపరితలంపైనే ఎనామెల్ వాష్ (బాగా పలుచన చేసిన ఎనామెల్ రంగు) కేశనాళికా చర్య వల్ల గీత వెంట తానుగా పాకుతుంది. సన్నని కుంచె మొనను తాకిస్తే చాలు.

లేత రంగు నమూనాపై నల్లని వాష్ మొరటుగా కనిపిస్తుంది. మూల రంగుకన్నా కొద్దిగా ముదురు ఛాయే సహజమని నా అభిప్రాయం. వాష్ ఆరాక, వైట్ స్పిరిట్‌తో (ఎనామెల్‌ను కరిగించే ద్రావకంతో) స్వల్పంగా తడిపిన కాటన్ బడ్‌తో గీతకు అడ్డంగా తుడవాలి. గీత వెంబడి తుడిస్తే, లోతు లేనందున లోపలి రంగు కూడా ఊడివస్తుంది. అప్పటికీ రంగు నిలవనిచోట బాగా చెక్కిన పెన్సిల్‌తో గీసి, మెరుపు లేని మ్యాట్ వార్నిష్‌తో స్థిరపరచవచ్చు.